గల్ఫ్ ఇళ్లలో పసిబిడ్డల చదువు: ఏ బడి, ఏ భాష?



జూలై వచ్చిందంటే రాయచోటి, రాజంపేట, కడప వీధుల్లో కువైత్ నుండి, జిద్దా నుండి, దుబాయి నుండి వచ్చిన పిల్లలు కనిపిస్తారు. వారి తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. బిడ్డకు మూడేళ్లు నిండుతున్నాయి, అక్కడ ఏ బడిలో వేయమంటారు? ఫీజులు, బస్సులు, సిలబస్‌ల సంగతి వారికి మాకంటే బాగా తెలుసు. మేము ఈ రోజు మాట్లాడదలచింది ఆ ప్రశ్న వెనుక దాగి ఉన్న మరో ప్రశ్న గురించి. ఆ బడికి వెళ్లిన బిడ్డ రెండేళ్ల తర్వాత ఈ ఊళ్లో తన జేజితో ఏ భాషలో మాట్లాడతాడు?

ముందుగా మన ఇళ్లలోని భాషల సంగతి చూద్దాం. తెలుగునాట ముస్లిముల ఇంటి భాష ఒకటే అని బయటివారు అనుకుంటారు. మనలో చాలా ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వీధిలో, అంగట్లో, పొలంలో తెలుగు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో ఇంటి భాషే తెలుగు. తల్లి వైపు తెలుగు, తండ్రి వైపు దక్కనీ ఉన్న ఇళ్లకూ కొదవ లేదు. ఇటువంటి కుటుంబం గల్ఫ్‌కు వెళ్లగానే ఈ రెండింటికీ ఇంకో మూడు చేరుతాయి. బడిలో ఇంగ్లీషు, ఇరుగుపొరుగు భారతీయులతో హిందీ, మసీదులోను వీధి బోర్డుల మీదను అరబిక్. పక్కింటి మలయాళీ పిల్లలతో ఆడుకుంటే ఆరోది కూడా. ఇన్ని భాషల నడుమ మూడేళ్ల బిడ్డను నిలబెట్టి, వీటిలో ఏది గట్టిపడాలో మనం బడి ఎంపిక ద్వారా తేల్చేస్తున్నాం. తేలుస్తున్నామని గుర్తించకుండానే తేల్చేస్తున్నాం.

ఇక్కడ గల్ఫ్ జీవితపు ఒక ప్రాథమిక వాస్తవాన్ని ఎదురుగా పెట్టుకోవాలి. అమెరికాకో కెనడాకో వెళ్లినవారి పిల్లలు ఆ దేశ పౌరులు కావచ్చు. గల్ఫ్‌లో సామాన్య ఉద్యోగికి ఆ దారి లేదు. ఇఖామా ఉన్నంత కాలమే నివాసం. కుటుంబాన్ని వెంట ఉంచుకొనే అనుమతి సైతం జీతంతో, ఆ దేశ ప్రభుత్వపు అప్పటి నిర్ణయంతో ముడిపడి ఉంటుంది. సౌదీ అరేబియాలో ఏం జరిగిందో ఈ సభలో ఉన్న అనేకులు అనుభవించారు. 2017 జూలైలో, వెంట ఉన్న ప్రతి కుటుంబ సభ్యుని పేరున నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. ఏటా మరో 100 చొప్పున పెరిగి 2020 జూలై నాటికి 400 రియాళ్లయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగికి ఇది నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. తండ్రి అక్కడే ఉండిపోగా తల్లీపిల్లలు ఊరికి తిరిగి వచ్చిన ఇళ్లెన్నో మనకు తెలుసు. నిన్నటిదాకా జిద్దాలో కేజీ చదివిన బిడ్డ ఇక్కడి బడిలో చేరి, పంతులమ్మ చెప్పే తెలుగూ అర్థం కాక, నాయనమ్మ మాట్లాడే దక్కనీకీ బదులివ్వలేక మూల కూర్చున్న దృశ్యాన్ని మేము ఒకసారి కాదు, పలుమార్లు చూశాం. తెలంగాణకు తిరిగి వచ్చే కుటుంబాలు ఇంకో విషయం కూడా గమనించాలి. 2018 నాటి చట్టం ప్రకారం అక్కడ 1 నుండి 10వ తరగతి వరకు అన్ని రకాల బడులలోనూ తెలుగు నేర్పాలి.

కాబట్టి గల్ఫ్ కుటుంబం శిశువిద్యను ఎంచుకొనేటప్పుడు, బిడ్డ నేడు ఉన్న చోటుతో పాటు రేపు చేరబోయే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది మా అభిప్రాయం. ఆ రేపు ఎప్పుడొస్తుందో చాలా ఇళ్లలో తండ్రి చేతిలో ఉండదు.

"ఇంటి భాష ఎక్కడికి పోతుందండీ, అదే వస్తుంది. ముందు ఇంగ్లీషు రానివ్వండి" అని తల్లిదండ్రులు అంటారు. జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఇంగ్లీషు ఎక్కడికీ పోదు. బడి, టీవీ, ఫోను, స్నేహితులు అందరూ కలిసి దానిని బిడ్డ నోట పెడతారు. ఇంటి భాషకు ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. ఇది మా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో లిలీ వాంగ్ ఫిల్‌మోర్ అనే భాషావేత్త, ఇంగ్లీషు ఇంటి భాష కాని సుమారు వెయ్యి కుటుంబాలను పరిశీలించిన అధ్యయనాన్ని 1991లో ప్రచురించారు. ఇంగ్లీషు వాడే శిశుపాఠశాలలకు వెళ్లిన పిల్లల ఇళ్లలో సొంత భాష వేగంగా జారిపోయింది. సొంత భాషలోనే నడిచే శిశుపాఠశాలలకు వెళ్లిన పిల్లల ఇళ్లలో ఆ నష్టం చాలా తక్కువ. ఆమె అందరికంటే ఎక్కువ కలవరపడింది పరీక్షల్లో మార్కుల గురించి కాదు. తల్లిదండ్రులకు, పిల్లలకు నడుమ మాట తెగిపోయినప్పుడు మంచీ చెడూ చెప్పే దారి, ఓదార్చే దారి, మందలించే దారి కూడా తెగిపోతాయన్నది ఆమె ఆందోళన. బతుకుతెరువుకు పనికొచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన తల్లి ఆ ముక్కలతో పదమూడేళ్ల కొడుకుకు ఏమి నచ్చజెప్పగలదు?

బెల్జియంలో అనిక్ డి హౌవర్ 2007లో వెలువరించిన అధ్యయనం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. దేశభాష డచ్చి కాగా, ఇంట్లో కనీసం ఒకరు వేరే భాష మాట్లాడే దాదాపు 1,900 కుటుంబాలను ఆమె సర్వే చేశారు. పిల్లలకు డచ్చి రాని ఇల్లు దాదాపు లేదు. కానీ సుమారు నాలుగో వంతు ఇళ్లలో పిల్లలు ఆ రెండో భాషను మాట్లాడడం లేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో చిన్న భాషను వాడుతూ, ఇద్దరిలో గరిష్ఠంగా ఒక్కరే దేశభాషను కూడా కలిపితే, పిల్లలు రెండూ మాట్లాడే అవకాశం బాగా ఎక్కువ. ఇద్దరూ బిడ్డతో బడి భాషను సాధన చేయించడం మొదలుపెట్టిన ఇళ్లలో చిన్న భాష వెనుకబడింది. మన ఇళ్లలో కేజీ అడ్మిషన్ ఇంటర్వ్యూ కోసం అబ్బా, అమ్మీ ఇద్దరూ ఆరు నెలల ముందు నుంచే "సే యాపిల్, సే థాంక్యూ" అంటూ ఉంటారే, ఆ ఇళ్లను తలచుకోండి.

మరో భయం, ఇన్ని భాషలు వింటే బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయని. కొందరు టీచర్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా "ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి" అని సలహా ఇస్తుంటారు. ఆ సలహాకు శాస్త్రబలం లేదు. జూల్స్ రోంజా అనే ఫ్రెంచి పండితుడు తన కొడుకు లూయితో తాను ఫ్రెంచి, భార్య జర్మను మాత్రమే మాట్లాడుతూ ఆ బిడ్డ ఎదుగుదలను రాసి పెట్టి 1913లోనే పుస్తకంగా వేశారు. బిడ్డకు రెండు భాషలూ చక్కగా వచ్చాయి. "నానీ, వాటర్ దేవో, దాహమైతాంది" అని మన బిడ్డ ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపితే అది జబ్బు కాదు. ఉన్న మాటలన్నీ వాడి పని జరిపించుకొనే తెలివి అది. బిడ్డకు ఎన్ని మాటలు వచ్చాయో లెక్కించేటప్పుడు అన్ని భాషల మాటలూ కలిపి లెక్కించాలి. ఒక హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, ఆ నెపాన్ని భాషల మీద వేసి ఊరుకోకండి. ముందు చెవుల పరీక్ష చేయించండి.

ఇక బడుల సంగతి. గల్ఫ్‌లో మనవారి ముందు స్థూలంగా మూడు దారులున్నాయి. ఏప్రిల్‌లో మొదలయ్యే సీబీఎస్‌ఈ బడుల కేజీ1, కేజీ2 ఒకటి. సెప్టెంబరు ప్రాంతంలో మొదలయ్యే బ్రిటిష్ పద్ధతి నర్సరీలు రెండోది. రౌదా అని పిలిచే అరబిక్ శిశుపాఠశాలలు మూడోది. రాయడం మీద మోజు సీబీఎస్‌ఈ కేజీలలో ఎక్కువ. నాలుగేళ్ల బిడ్డ వేళ్లు వంగేలా ఇంగ్లీషు అక్షరాలు దిద్దిస్తారు. బ్రిటిష్ నర్సరీలలో ఆట, పాట, కథ, మట్టి, నీళ్లు. పసిబిడ్డకు అదే సరైన చదువని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఫీజు బరువు, పైగా అక్కడ ఇంగ్లీషే సర్వస్వం. రౌదాలో అరబిక్ నిజంగా వస్తుంది. దీర్ఘకాలం ఉండే కుటుంబానికి అది సంపదే. అయితే తల్లికి టీచరుతో నోరు విప్పి మాట్లాడే వీలుండదు. ఊరికి రావలసి వస్తే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. మాంటిస్సోరి అనే బోర్డు చూసి మురిసిపోకండి. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఏళ్ల తరబడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతికి, నేడు ఆ పేరు తగిలించుకున్న అనేక గదులకు సంబంధం లేదు.

తిరిగి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న సామాన్య కుటుంబానికి సీబీఎస్‌ఈ కేజీయే అనువని మా ఉద్దేశం. ఊళ్లో ఏ ఏడాదైనా తరగతి తప్పకుండా చేర్చవచ్చు. దానిలోనూ పూటబడి చాలు. తల్లి ఇంట్లో ఉండగా రెండేళ్ల బిడ్డను నర్సరీకి పంపడం డబ్బు పెట్టి భాషను పోగొట్టుకోవడమే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులైతే, బిడ్డను చూసుకొనే ఆయా మీ భాష మాట్లాడే మనిషి కావడం నర్సరీ పేరుప్రతిష్ఠల కంటే విలువైనది. బడి చూడడానికి వెళ్లినప్పుడు ఒక్క సంగతి గమనించండి. ఒకే భాష తెలిసిన ఇద్దరు పిల్లలు ఆ భాషలో మాట్లాడుకుంటుంటే టీచరు ఏమి చేస్తుంది? నవ్వి ఊరుకుంటే మంచి బడి. నోరు మూయిస్తే, ఎంత పెద్ద భవనమైనా మరో బడి చూసుకోండి.

లిపుల విషయంలో తొందర వద్దు. మన సంప్రదాయంలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయిస్తాం. సరిగ్గా అదే ఏట బడి ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెడుతుంది. ఒకటి ఎడమ నుండి, మరొకటి కుడి నుండి. దానికి తోడు తెలుగు ఓనమాలు కూడా అప్పుడే దిద్దించాలని ఆరాటపడవద్దు. ఖాయిదాలో నేర్చిన అక్షరాలు రేపు ఉర్దూ చదవడానికి చాలావరకు పనికొస్తాయి. తెలుగు రాత ఆరో ఏట మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు. మాట మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. ఖాయిదా గడగడా చదివిన బిడ్డకు అరబిక్ వచ్చేసిందని అనుకోవడం కూడా సరికాదు. చదవడం వేరు, మాట్లాడడం వేరు.

ఈ పత్రిక పాఠకులకు తెలియని విషయం కాదు గానీ, మన భాషలకు అవమానం రెండు వైపుల నుండీ ఎదురవుతోంది. లక్నో, కరాచీ వారి నడుమ మన "నక్కో", "హౌ" వినగానే నవ్వుతారు. ఆ నవ్వుకు సిగ్గుపడి పిల్లలతో దక్కనీ మానేసిన తల్లులున్నారు. ఇంకోవైపు తెలుగు మాతృభాషగా ఉన్న ముస్లిమును చూసి "మీరు ముస్లిములేనా?" అని అడిగేవారూ ఉన్నారు. అందుకే అడ్మిషన్ ఫారంలో మాతృభాష గడి వద్ద, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉర్దూ అని రాస్తున్నాయి. దక్కనీ మాట్లాడేవారు గొప్ప కోసం ఇంగ్లీషు అని రాసిన సందర్భాలనూ చూశాం. ఆ గడిలో ఏది రాస్తామో దానినే బడి లెక్కిస్తుంది. లెక్కలో లేని పిల్లల కోసం ఎవరూ టీచరును వేయరు.

హక్కు కాగితాల మీద ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం, చదువు బిడ్డ సొంత భాష పట్ల గౌరవాన్ని పెంపొందించాలని అంటుంది; 30వ అధికరణం మైనారిటీ బిడ్డకు సొంత భాషను వాడుకొనే హక్కును గుర్తిస్తుంది. భారతదేశం, సౌదీ అరేబియా, యూఏఈ దీనిని ఆమోదించాయి. వలస కార్మికుల పిల్లలకు మాతృభాష నేర్పే ఏర్పాటుకు పనిచేసే దేశం, పుట్టిన దేశం సహకరించుకోవాలని 1990 నాటి వలస కార్మికుల ఒడంబడిక 45వ అధికరణం చెబుతుంది. దానిని గల్ఫ్ దేశాలూ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. కార్మికులను పంపే దేశమే వెనుకాడుతుంటే పిలిపించుకొనే దేశాన్ని ఏమని అడగగలం? మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను ఈ మాట అడగవలసి ఉంది.

అంతవరకు చేయగలిగిన పని ఒకటుంది. గల్ఫ్‌లోని భారతీయ బడులలో మలయాళం రెండో భాషగా ఉందంటే ఆ తల్లిదండ్రులు గుంపుగా వెళ్లి అడిగినందువల్లే. మనవారు ఒక్కొక్కరుగా వెళ్లి, లేదని చెప్పగానే తిరిగి వస్తున్నారు. ఒకే బడిలో ఉన్న తెలుగు కుటుంబాలు, ముస్లిములు, ముస్లిమేతరులు అన్న తేడా లేకుండా, కలిసి సంతకాలు చేసి తెలుగును, ఉర్దూను రెండో భాషలుగా ఇవ్వమని కోరాలి. అటువంటి అర్జీ నమూనా ఒకటి తయారు చేసి తెచ్చాం. ప్రతులు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. ఆగస్టు చివర తిరుగు ప్రయాణమయ్యేవారు సభ ముగిశాక తీసుకువెళ్లవచ్చు.