చేపల తొట్టి - కూరల మడి
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కావ్యములనుగూర్చి ప్రసంగింపగల పెద్దలు ఈ సభలో పెక్కురు కలరు. నేను లెక్కలు వ్రాయువాడను. కావున లెక్కకు లొంగు విషయమొకటి ఎన్నుకొంటిని. ఇంటి పెరటిలో ఒకే నీటితో చేపలను, కూరలను కలిపి పెంచు విధానమది. దీనిని ఆక్వాపోనిక్స్ అందురు. మత్స్యసస్య సహసేద్యమని మనము పిలుచుకొనవచ్చును.

దీని మూలము మనకు క్రొత్త కాదు. చేపలు కడిగిన నీటిని మన స్త్రీలు వృథాగా పారబోయక సొరపాదునకో, కరివేపచెట్టునకో పోయుదురు. సురపాలుని వృక్షాయుర్వేదమున మాంసాదులను ఉడికించి, మురుగబెట్టి చేయు కుణపజలము చెట్లకు బలమని చెప్పబడినది. అరుణాచలప్రదేశమున జీరో లోయయందలి ఆపతానీలు వరిమళ్లలోనే చేపలు పెంచుదురు. క్రొత్తది ఏమనగా, ఈ మేలు ఎట్లు కలుగుచున్నదో మనకు తెలియుట. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతమున దీని మర్మమును కనిపెట్టెను. కంటికగపడని సూక్ష్మజీవులు కొన్ని అమోనియాను నైట్రైటుగను, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది మొక్కకు ఆహారము. మన తొట్టియందు నిజముగా సేద్యము చేయువారు ఈ సూక్ష్మజీవులే. మనము వారికి పాలేరులము.

ఇక జమాఖర్చు చూతము. నూటికి 32 పాళ్లు మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేసినచో, అందు నత్రజని సుమారు 5 గ్రాములు జమ. చేప శరీరమున నిలుచునది దానిలో దాదాపు మూడవవంతు. తక్కినదానిలో అధికభాగము మొప్పలద్వారా అమోనియాగా నీటిలో చేరును. దానిని ఖర్చు వ్రాయువారు లేనిచో బాకీ పెరిగి చేపలు చచ్చును. మొక్కలే ఆ ఖర్చుపద్దు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రకటించిన గ్రంథమున ఆకుకూరల మడి ఒక చదరపు మీటరునకు దినమునకు 40 మొదలు 50 గ్రాముల మేత సరిపోవునని చెప్పబడినది. ఎదిగిన చేప తన బరువులో నూటికి ఒకటి, రెండు పాళ్లు తినును. కావున ఒక చదరపు మీటరు మడికి సుమారు 4 కిలోల చేపలు చాలును. వెయ్యి లీటర్లకు 10 కిలోలు మించకుండుట క్రొత్తవారికి క్షేమము. 500 లీటర్ల తొట్టియొకటి, ఒక చదరపు మీటరు మడియొకటి మొదటి యత్నమునకు తగిన కొలత.

మడి లోతు 30 సెంటీమీటర్లు ఉండవలెను. అందు 8 మొదలు 20 మిల్లీమీటర్ల కంకర కడిగి నింపవలెను. కంకరపై నిమ్మరసము పిండి చూడుడు. నురుగు పొంగినచో అందు సున్నపురాయి కలదు. అది నీటి గుణమును చెరచును గావున పనికిరాదు. కంకరతో, నీటితో నిండిన ఈ మడి సుమారు 600 కిలోలు తూగును. బలము తెలియని మేడమీద, పాతపెంకుటింటి అరుగుమీద దీనిని పెట్టరాదు. నేలపై గట్టి ఇటుక దిమ్మెలు కట్టుటయే మేలు.

గంటకు 500 లీటర్లను మడి ఎత్తునకు తోడగల చిన్న పంపు కావలెను. నీరు మడిలో నిండి, ఒక్కసారిగా తొట్టిలోనికి దిగిపోవుటకు బెల్ సైఫన్ అను గొట్టపు అమరిక కలదు. అది కుదరనిచో గంటకు 15 నిమిషములు పంపు నడుపు టైమరు చాలును. నీరు దిగునప్పుడెల్ల వేళ్లకు, సూక్ష్మజీవులకు గాలి అందును. కంకరపైన రెండంగుళములు పొడిగా ఉండవలెను. లేనిచో పాచి పట్టును, కాండములు కుళ్లును.

అసలు పరీక్ష ఇప్పుడే. పెక్కురు తొట్టి కట్టిననాడే చేపలు విడుతురు. వారము తిరుగకమునుపే అవి తేలును. "ఇది మనకు అచ్చిరాదు" అని తొట్టి బోర్లించుదురు. అచ్చిరానిది తొట్టి కాదు, తొందర. కుళాయినీరైనచో క్లోరిను పోవుటకు రెండుదినములు ఆరుబయట నిలువయుంచుడు. తరువాత చేపలు లేకయే పంపు నడుపుచు, దినమొక చిటికెడు మేత నీటిలో వేయుడు. మొదట అమోనియా పెరుగును. అది తగ్గుచుండగా నైట్రైటు పెరుగును. ఆ రెండును సున్నకు దిగి, నైట్రేటు కనబడినప్పుడు చేపలకు ముహూర్తము. దీనికి మూడు మొదలు ఆరు వారములు పట్టును. అలంకారమత్స్యముల దుకాణములలో పరీక్షద్రవములు దొరకును. ఎవరింటనైన చక్కగా నడచుచున్న తొట్టినుండి గుప్పెడు కంకర తెచ్చి వేసినచో, పెరుగుతోడువలె పని త్వరపడును.

బంగారుతీగ పిల్లలు క్రొత్తవారికి తగినవి. కొరమేను పైగాలి పీల్చును గనుక గట్టిది. కాని పెద్దది చిన్నదానిని మ్రింగును, తొట్టినుండి ఎగురును. సమానమగు పిల్లలను వేసి, వల కప్పవలెను. తిలాపియాకు ప్రభుత్వానుమతి కావలెను. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకము మన దేశమున నిషిద్ధము. చేపలు తిననివారు గోల్డ్‌ఫిష్ పెంచినను కూరలు పండును. తోటకూర, పాలకూర, పుదీన మొదట వేయుడు. వంగ, టమాట తొట్టి ముదిరినపిదప వేయుడు. లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగానుండినచో ఇనుము కొరత. నీటిలో కరగు కీలేటెడ్ ఇనుము కొద్దిగా కలుపవలెను. పురుగుమందు చల్లుట మాత్రము చేపలను చేతులార చంపుటయే.

భారతమున శాంతిపర్వమందలి మూడు చేపల కథ మీరెల్లరు ఎరుగుదురు. దీర్ఘదర్శి ముందే తప్పించుకొనెను. ప్రాప్తకాలజ్ఞుడు ఉపాయమున బయటపడెను. దీర్ఘసూత్రుడు నశించెను. మన తొట్టికి వచ్చు ఆపద పేరు కరెంటుకోత. పంపు ఆగినచో ప్రాణవాయువు తగ్గును. వేసవిరాత్రి చేపలు నిండిన తొట్టికి కొద్దిగంటలే గడువు. బ్యాటరీతో నడచు గాలిపంపును ముందే అమర్చువాడు దీర్ఘదర్శి. చెంబుతో నీటిని ముంచి ఎత్తిపోయుచు తెల్లవార్చువాడు ప్రాప్తకాలజ్ఞుడు. మూడవవానిని తెల్లవారి చేపలే చెప్పును.

దీనివలన ధనము గడింపవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. పంపు, తొట్టి, మేత, విద్యుత్తు ఖర్చు వ్రాసిచూచినచో ఇంత చిన్న తొట్టిలో లాభము మిగులుట అరుదు. దీని ఫలము వేరు. సెంటు భూమి లేని కుటుంబమునకు మందు తగులని ఆకుకూర ప్రతివారము దొరకును. ఆవిరియైనంత, మొక్క త్రాగినంత నీరు మాత్రమే తిరిగి పోయవలెను గనుక, బోరులెండు వేసవిలోను మడి నిలుచును.

నాదొక మనవి. ఈ పని తలపెట్టువారు అమోనియా, నైట్రైటు, నైట్రేటు, వేసిన మేత, కోసిన కూర తూకము ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయమున ఉంచవలెను. మన నీటికి, మన ఎండకు సరిపడు గ్రంథము బయటినుండి రాదు. దానిని మనమే వ్రాసికొనవలెను. ఇరువదియైదేండ్లు ఇతరులు వ్రాసిన పుస్తకములు చదివిన ఊరు, ఇకమీదట తన పుస్తకమొకటి ఈ బీరువాలో చేర్చుగాక!