"వాళ్ళంతా ఇంతే" అనే మాట, మన పిల్లలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మార్కుల సంగతి, స్కాలర్‌షిప్పుల సంగతి ఇతర వక్తలు చెప్పనే చెప్పారు. నేను వేరొక విషయం మనవి చేయదలచాను. "ఫలానా వాళ్ళంతా ఇంతే" అని మందికంతటికీ కలిపి ఒక ముద్ర వేస్తాము చూడండి, ఆ ముద్రను పిల్లలు గుర్తుపట్టేది ఎట్లా, దానికి ఎదురు ప్రశ్న వేసేది ఎట్లా అన్నది ఆ విషయం. ఎవరినో తప్పుపట్టే ముందు నా తప్పుతోనే మొదలుపెడతాను.

1980ల మొదట్లో నేను సముద్రం వైపు నుండి ఈ హనుమంతునిపాడు ప్రాంతానికి అయ్యవారిగా వచ్చాను. ఉదయం ప్రార్థన కాగానే పిల్లలను వరుసగా నిలబెట్టి గోళ్ళు, పళ్ళు చూసేవాణ్ణి. చాలామందికి పళ్ళమీద గోధుమరంగు చారలు. "మెట్ట పల్లెల వాళ్ళు, వీళ్ళకు పళ్ళు తోమే అలవాటే లేదు" అని తేల్చేసుకున్నాను. ఒక పిల్లవాణ్ణి అందరిముందూ నాలుగు మాటలన్నాను కూడా. మర్నాడు వాళ్ళ నాయన పొలం పని మానుకొని వచ్చాడు. కోపంగా రాలేదు. "వాడు రోజూ యాపపుల్లతో తోముతాడు అయ్యోరూ. ఇది మా బాయినీళ్ళ పని. ఇదిగో, నావీ చూడండి" అని నోరు తెరిచి చూపించాడు.

ఆ తర్వాత గాని నేను పుస్తకం తిరగెయ్యలేదు. నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే, చిన్నతనంలో చిగురులోపల పన్ను తయారయ్యేటప్పుడే ఆ మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. ఈ జబ్బు మన దేశంలో ఉన్నట్టు 1937లో వైద్యులు మొదట వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుండే. మన కనిగిరి ప్రాంతం 1970 దాకా ఆ జిల్లాలోదే గదా. అంటే నేను ఉద్యోగంలో చేరేనాటికి నలభై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి. చదువుకున్న అయ్యవారికి తెలియలేదు, చదువు లేని ఆ తండ్రికి తెలుసు.

ఇందులో ఇంకొక చిత్రమున్నది. అదే రోజుల్లో నామీదా ఒక ముద్ర ఉండేది. సాయిబు గనక నాకు తెలుగు రాదని! సినిమాల్లో సాయిబు వేషం రాగానే "నేను వస్తది, నువ్వు పోతది" అనిపించి నవ్విస్తారు. చూసిన పిల్లలు మన పిల్లలను అట్లాగే వెక్కిరిస్తారు. నేను తెలుగు పద్యం చెబితే వింతగా చూసేవారు. దానికి నొచ్చుకున్న నేనే, ఆ పిల్లవాడి పళ్ళు చూసి ఒక్క క్షణం ఆలోచించలేదు. దెబ్బ తిన్నంత మాత్రాన దెబ్బ కొట్టడం మానుకోమని నాకు ఆనాడు తెలిసివచ్చింది.

దీనికి మందుగా గొప్పవాళ్ళ పటాలు గోడకు తగిలించాను. పిఠాపురం ఉమర్ ఆలీషా గారు, 1885లో పుట్టి తెలుగులో పద్యకావ్యాలు, నాటకాలు వ్రాసిన కవి. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు, శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంతో దేశమంతా పేరు తెచ్చుకొని, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నవారు. పటాలు చూసి పిల్లలు సంతోషించారు. ఒకడు మాత్రం "ఆయన వేరే లెండి సార్, అందరూ అట్లా ఉండరుగా" అన్నాడు. వాడన్నదే నిజం. ఒక్క గొప్పవాణ్ణి చూపిస్తే ఆయన్ను మినహాయించి, పాత ముద్రను మిగిలినవాళ్ళమీద భద్రంగా ఉంచుకుంటారు.

అందుకని లెక్క నేర్పాను. "అందరూ" అనే మాట ఎవరి నోట వచ్చినా, ఎంతమందిని చూశావు, ఎవరు చెప్పారు, వేరే కారణం ఉందేమో అడిగావా అని తోటి పిల్లలే అడగాలి. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారని ఒకసారి వచ్చింది. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో చూస్తే, మదర్సాల్లో చదివేది నూటికి మూడు నాలుగు మందే. బడికి పోతూ పొద్దునో సాయంత్రమో మక్తబుకు పోయేవారిని కూడా జనం వాళ్ళలో కలిపేస్తారని కూడా ఆ నివేదికే చెప్పింది.

ఇంకొక ఉపాయం అమెరికాది. టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడిలో కూర్చోబెట్టినప్పుడు వాళ్ళకు పొసగలేదు. 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇప్పించాడు. ఆ పిల్లవాడు చెబితేనే మిగతావారికి ఆ ముక్క తెలిసేది. కాబట్టి ఇష్టం లేకపోయినా వినాలి. నేను మన ప్రకాశం జిల్లా పుట్టుక పాఠాన్ని అట్లా చేశాను. 1970లో కర్నూలు నుండి వచ్చిన భాగం ఒకరికి, నెల్లూరుది ఒకరికి, గుంటూరుది ఒకరికి. ఎన్నడూ నోరువిప్పని పిల్ల ఆ రోజు మార్కాపురం పలకల గనుల దాకా చెప్పుకుపోయింది.

ఇక మన ఇంటి సంగతి. మనవాళ్ళే సాయంత్రంపూట పెట్టిన ఒక ఉర్దూ తరగతికి నూర్‌బాషా వారి అమ్మాయి వచ్చేది. ఇంట్లో తెలుగే. తక్కిన పిల్లలు "దూదేకుల, దూదేకుల" అని ఏడిపించేవారు. ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి, "బళ్ళో సాయిబుల పిల్ల అంటారు సార్. ఇక్కడేమో సాయిబులు కాదంటారు. నేనెవరిని సార్?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే రావటం మానేసింది. ఆ పిల్లలకు ఆ మాట బళ్ళో ఎవరూ నేర్పలేదు. అన్నం తినేటప్పుడు మనం మాట్లాడుకునేది విన్నారు. సంబంధాలు చూసేటప్పుడు మనమేమంటామో ఇక్కడున్నవాళ్ళందరికీ ఎరుకే.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వేసవిలో పదిహేను రోజులు మన పిల్లలను, ఊళ్ళోని తక్కిన పిల్లలను కలిపి కూర్చోబెట్టి ఈ ముక్కల పాఠం చెప్పించండి. నూర్‌బాషా ఇళ్ళకు పెద్దలే స్వయంగా పోయి పిలవాలి, కబురు పంపితే చాలదు. ఆ అమ్మాయి ఇంటికి నేను వస్తాను. నాతో పాటు ఇద్దరు కావాలి. పేర్లు ఈ రోజే ఇవ్వండి. సెలవు.