అప్పు మనిషిదా, భవనానిదా?



చెన్నపట్టణంలో తెలుగువారి వర్తకం చాలా పాతది. జార్జిటౌను వీధుల్లో తరతరాలుగా అంగళ్లు నడుపుతున్న కుటుంబాలున్నాయి. ఇటీవల నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో వచ్చి అద్దెకు దుకాణం తెరిచినవారూ ఉన్నారు. ఉభయులకూ తప్పని ప్రశ్న ఒకటున్నది. భవనాన్ని బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టాలి?

కరెంటు బిల్లు కట్టేది అద్దెదారు. మిద్దెపై సౌరఫలకాలు అమరిస్తే ఆ బిల్లు తగ్గుతుంది. కాని మిద్దె అతనిది కాదు. మిద్దె యజమానిది, అయితే బిల్లు తగ్గినందువల్ల అతనికి మిగిలేది లేదు. అందువల్ల ఇద్దరూ ఊరకుంటారు. 2015 డిసెంబరు వరద నగరాన్ని ముంచినప్పుడు ఇటువంటి ఊరకుండటానికి ఎంత మూల్యమో తెలిసివచ్చింది. నేలమాళిగలోని జనరేటర్‌ను పై అంతస్తుకు చేర్చడం, మీటరు పెట్టెలను ఎత్తున బిగించడం, గడప ఎత్తు పెంచడం అందరికీ తెలిసిన పనులే. వాటికి డబ్బు పెట్టేవారు ఎవరన్నదే తేలని విషయం.

ఇదే చిక్కు అమెరికా నగరాలకూ ఎదురైంది. కాలిఫోర్నియాలోని బర్కిలీ నగరపాలక సంస్థ 2008లో ఒక కొత్త ఏర్పాటు చేసింది. వీధిలోని కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చేటప్పుడు ఆ ఖర్చును ఇళ్ల ఆస్తిపన్నుకు జోడించి ఏళ్ల తరబడి వసూలుచేసే పద్ధతి అక్కడ అంతకుముందే ఉన్నది. సౌరఫలకాల ఖర్చును కూడా అలాగే వసూలు చేయవచ్చుననే ఆలోచన అందులోనుంచే పుట్టింది. అదే ఏడాది ఆ రాష్ట్ర శాసనసభ ఇతర నగరాలకూ ఆ అధికారమిచ్చింది. కనెటికట్ రాష్ట్రం 2013లో తన గ్రీన్ బ్యాంకు ద్వారా వాణిజ్య భవనాల కోసం ఇటువంటి పథకాన్నే రాష్ట్రమంతటా ప్రారంభించింది. ఈ పద్ధతిని అక్కడ సంక్షిప్తంగా ‘పేస్’ అంటారు.

దీని నడక సులభమైనదే. పెట్టుబడి సాధారణంగా ప్రైవేటు రుణదాత ఇస్తాడు. వాయిదా మాత్రం ఆస్తిపన్ను బిల్లులో ఒక పద్దుగా వస్తుంది. గడువు ఇరవై ఏళ్లో, అంతకంటె ఎక్కువో ఉంటుంది. యజమాని భవనాన్ని అమ్మితే మిగిలిన వాయిదాలు కొన్నవారికి సంక్రమిస్తాయి. అంటే అప్పు మనిషి వెంట పోక, భవనాన్నే అంటిపెట్టుకొని ఉంటుంది. ఫలం అనుభవించేవారే బాకీ మోస్తారు. ఆస్తిపన్నును అద్దెదారులు పంచుకొనే ఒప్పందాలు అక్కడ వాడుకలో ఉన్నాయి. అటువంటి చోట బిల్లు తగ్గి లాభపడే అద్దెదారే వాయిదాలోనూ భాగం పంచుకుంటాడు.

గడువు మహిమ ఏమిటో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. పనికి పన్నెండు లక్షల రూపాయలు ఖర్చయిందనీ, ఏటా లక్షా అరవై వేలు ఆదా అవుతున్నదనీ అనుకుందాం. నూటికి పది వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే ఏటా దాదాపు మూడు లక్షల పదిహేడు వేలు కట్టాలి. అది ఆదాకు రెట్టింపు. ఇరవై ఏళ్ల గడువైతే ఏటా లక్షా నలభై ఒక్క వేలు చాలు. మొదటి ఏడాదినుంచే ఆదా వాయిదాను మించుతుంది. అయితే గడువు పెరిగితే వడ్డీ మొత్తమూ పెరుగుతుంది. ఐదేళ్ల అప్పుకు కట్టేది మొత్తం పదహారు లక్షల లోపు. ఇరవై ఏళ్ల అప్పుకు ఇరవై ఎనిమిది లక్షల పైన. తేలిక వాయిదాను చూసి సంతోషించేవారు ఈ రెండో అంకెను కూడా చూడాలి.

విపత్తులను తట్టుకొనే పనులకు ఈ లెక్క సరిపోదు. ఫ్లోరిడాలో తుఫాను గాలికి ఓర్చే కిటికీలకూ పైకప్పులకూ, కాలిఫోర్నియాలో భూకంపానికి నిలిచే కట్టుబడికీ ఈ నిధులు వాడుకోవచ్చు. వీటివల్ల ప్రతి ఏటా బిల్లు తగ్గదు. రాబోయే నష్టం తప్పడమే వీటి ఆదాయం. అందుచేత ఇక్కడ లెక్కించవలసినది సరుకు విలువ, మూతపడే రోజుల బేరం, బీమా ఖర్చు.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉన్నది. పన్ను బాకీకి తాకట్టు అప్పుకంటె ముందు హక్కు ఉంటుంది. యజమాని దివాలా తీస్తే బ్యాంకు వెనుక వరుసలో నిలబడాలి. ఈ కారణం చేతనే 2010లో అమెరికా గృహరుణాల నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పగా, ఇళ్లకు సంబంధించిన పథకాలు చాలా చోట్ల నిలిచిపోయాయి. కొన్నిచోట్ల గుత్తేదారుల మాట నమ్మి, తాహతుకు మించిన వాయిదాల్లో చిక్కుకున్న గృహస్థులూ ఉన్నారు. వాణిజ్య భవనాల పథకం నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం ముందస్తు సమ్మతి. తాకట్టు పట్టిన బ్యాంకు లిఖితపూర్వకంగా ఒప్పుకొంటేనే పని మొదలవుతుంది.

ఇక ఈ నగరం మాట. తమిళనాడు పురపాలక చట్టంలోనూ ఆస్తిపన్ను బాకీ ఆస్తిపైనే మొదటి భారంగా నిలుస్తుంది. కాని చెన్నైలో అర్ధ సంవత్సరానికొకసారి కట్టే ఆ బిల్లులో ఇటువంటి అప్పుకు పద్దు లేదు. 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకపు రాయితీ నివాసాలకే గాని దుకాణాలకు వర్తించదు. కనుక చట్టం చేయని పనిని ప్రస్తుతానికి అద్దె ఒప్పందమే చేయాలి.

ఆ ఒప్పందంలో నాలుగు మాటలు స్పష్టంగా రాసుకోవాలి. పెట్టుబడి ఎవరిది? ఫలకాలు, పంపులు, ఎత్తున బిగించిన మీటరు పెట్టెలు ఎవరి సొత్తు? ఆదాలో ఎవరి వాటా ఎంత? అద్దెదారు గడువుకు ముందే ఖాళీచేస్తే మిగిలిన విలువను యజమాని ఏ లెక్కన చెల్లించాలి? భవనం తాకట్టులో ఉంటే బ్యాంకు సమ్మతి కూడా తీసుకోవాలి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ ఖర్చుకు వెనుకాడి పదకొండు నెలల కాగితంతో సరిపెట్టుకొన్నవారు ఇరవై ఏళ్లు నిలిచే వస్తువుపై పెట్టుబడి పెట్టడం సాహసమే అవుతుంది.

దుకాణం మారవచ్చు, యజమాని మారవచ్చు, భవనం అక్కడే ఉంటుంది, వాన మళ్లీ వస్తుంది. ఆ వానకు ముందే ఇరుపక్షాలూ కూర్చుని ఈ నాలుగు మాటలు కాగితంపై పెట్టుకోవాలని సభకు విజ్ఞప్తి.