గోడకు కొట్టిన బంతి

ఎంత దూరం పంపినా ఇట్టే తిరిగివచ్చే మనిషిని గురించి మన తెలుగువారు "గోడకు కొట్టిన బంతిలాగా వచ్చినాడు" అంటారు. తమ గోడు ఎవరూ వినిపించుకోకపోతే "గోడతో చెప్పుకొన్నట్లున్నది" అని విసుక్కుంటారు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. మనిషి మాటకు బదులు చెప్పని గోడ బంతికి మాత్రం వెంటనే బదులు చెబుతున్నది. తోడు లేక ఒంటరిగా ఆట సాధన చేసేవారికి బంతిని తిరిగి అందించే సాధనాలను గురించి, వాటిలో అన్నిటికంటె పాతదీ చవకైనదీ అయిన గోడను గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

ఆట అన్న తరువాత ఇద్దరుండవలెను. కర్నూలు, కడప జిల్లాల మెట్టపల్లెలలో ఆ రెండవ మనిషి దొరకటమే కష్టం. బడి వదలగానే ఒకడు గొర్రెల వెంట పోతాడు, మరొకడు వేరుశనగ చేనిలో తండ్రికి సాయం పోతాడు. మగపిల్లలు ఎలాగో నలుగురు పోగై ఊరిబయటి బీడులో క్రికెట్టు ఆడుకొంటారు. ఆడపిల్లను ఆ జట్టులో చేర్చుకొనేవారు అరుదు. చేర్చుకొంటామన్నా పంపే ఇళ్లు ఇంకా అరుదు. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో భారత మహిళల జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆ జట్టులో కడప జిల్లా బిడ్డ, ఎడమచేతి స్పిన్ బౌలరు శ్రీచరణి ఉన్నారు. ఆ వార్త విన్న పల్లెటూరి పిల్ల ఒకతె, "నాన్నా, నాకూ ఒక బంతి కావలె" నని అడిగిందనుకొందాము. బంతి కొనిపెట్టటం పెద్ద పని కాదు. ఆ బంతిని తిరిగి విసిరేవారెవరు? మా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది.

ఈ ప్రశ్నకు వంద సంవత్సరాల క్రిందట ఆస్ట్రేలియాలో ఒక కుర్రవాడు తనకు తానే సమాధానం వెదకుకొన్నాడు. ఆయన పేరు డొనాల్డ్ బ్రాడ్మన్. 1908 ఆగస్టు 27న పుట్టిన ఆయన బాల్యం చాలావరకు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని బౌరల్ అనే చిన్న ఊరిలో గడిచింది. ఇంటి వెనుక వాననీటి ట్యాంకు ఒకటి, దాని క్రింద ఇటుకలతో కట్టిన గుండ్రని దిమ్మె ఒకటి ఉండేవి. ఒక చేతితో గోల్ఫు బంతిని ఆ దిమ్మెకు విసిరేవాడు. అది వెనక్కు వచ్చేలోగా బ్యాటుకు బదులు పట్టుకొన్న సన్నని స్టంపుతో దానిని కొట్టేవాడు. దిమ్మె గుండ్రనిది గనుక బంతి ఏ వైపునకు వచ్చేదీ ముందుగా తెలిసేది కాదు. స్టంపు సన్ననిది గనుక చూపు తప్పితే బంతి తగిలేది కాదు. ఆ కుర్రవాడే తరువాత 52 టెస్టు మ్యాచులలో 99.94 పరుగుల సగటు సాధించినాడు. గోడకు బంతి కొట్టిన ప్రతివాడూ బ్రాడ్మన్ కాడు, నిజమే. కాని ఆ దిమ్మె నీళ్ల ట్యాంకు కోసం కట్టినది. ఆట కోసం ఎవరూ పైసా ఖర్చు చేయలేదు. ఇది మనము గమనించవలసిన సంగతి.

ఇక గోడ చేసే పని ఎలాంటిదో చూద్దాము. టెన్నిసు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుండి గట్టి నేలపై విడిస్తే, అది 135 నుండి 147 సెంటీమీటర్ల వరకు తిరిగి ఎగరవలెనని ఆ ఆట నియమం. అనగా తాకిన ప్రతిసారీ బంతి తన వేగంలో రమారమి నాలుగవ వంతు పోగొట్టుకొంటున్నది. గట్టి గోడకు తగిలినప్పుడూ ఇంచుమించు ఇంతే. ఒక పిల్ల గోడకు 3 మీటర్ల దూరంలో నిలిచి, సెకండుకు 10 మీటర్ల వేగంతో బంతి విసిరిందనుకొందాము. పోవటానికి సెకండులో పది భాగాలలో మూడు భాగాలు, రావటానికి నాలుగు భాగాలు పడుతుంది. మొత్తం మీద ముప్పాతిక సెకండు కూడా లేదు. ఆ వ్యవధిలోనే కన్ను చూడవలె, కాలు కదలవలె, చేయి అందుకోవలె. అదే పిల్ల 6 మీటర్ల దూరానికి జరిగితే వ్యవధి రెండింతలవుతున్నది. నేర్చుకొనే కొద్దీ అడుగు అడుగు ముందుకు జరగటమే పై తరగతికి పోవటం. ఏ యంత్రమూ అక్కరలేకుండానే పాఠాన్ని సులభం చేసుకోవచ్చు, కఠినం చేసుకోవచ్చు.

గోడ అన్నప్పుడు మన సీమలో రాతికి కరవు లేదు. బేతంచెర్ల నాపరాయి, దేశమంతటా వంటింటి అరుగులకు వాడే కడప నల్లరాయి మన నేలలోనివే. అయితే ఒక హెచ్చరిక. పెరటి సరిహద్దుకు నిలువుగా పాతిన పలుచని బండకు బంతి కొట్టకూడదు. నాపరాయి పొరలు పొరలుగా చీలే రాయి. మాటిమాటికీ దెబ్బ తగిలితే పగలవచ్చును, వదులైన బండ పిల్లల కాళ్లపై ఒరగవచ్చును. సున్నంతోనో సిమెంటుతోనో కట్టిన దిట్టమైన గోడ కావలెను. ముఖం నున్నగా పూత పూసిన గోడ అయితే బంతి పోయిన కోణానికి తగిన కోణంలోనే తిరిగివస్తుంది. కొట్టే పద్ధతి నేర్చుకొనే వారికి అది మేలు. పూత లేని మోటు రాతిగోడ బంతిని ఇష్టం వచ్చిన దిక్కుకు పంపుతుంది. క్యాచులు పట్టే వారికి అది మేలు. తోలు క్రికెట్టు బంతిని రాతికి కొడితే దాని కుట్లు ఊడతాయి. టెన్నిసు బంతి గాని, రబ్బరు బంతి గాని చాలును.

గోడ లేనిచోట చెట్టు ఉన్నది. పాత మేజోడులో బంతి వేసి, మూతి బిగించి, వేపకొమ్మకు తాడుతో వేలాడదీస్తే, కొట్టిన బంతి ఎదురుకు పోయి తానే వస్తుంది. దీనికి గడియారపు లోలకం సూత్రమే ఆధారం. కొమ్మ నుండి బంతి వరకు ఒక మీటరు పొడవైతే, బంతి ముందుకు పోయి తిరిగి బ్యాటు దగ్గరకు రావటానికి దాదాపు ఒక సెకండు పడుతుంది. కాస్త మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఆ వ్యవధిలో పెద్ద తేడా ఉండదు. మరీ చిన్నపిల్లలకు ఎక్కువ వ్యవధి కావలెనంటే తాడు పొడవు పెంచవలె. నాలుగింతలు పెంచితే వ్యవధి రెండింతలవుతుంది. బ్యాటు నిటారుగా వచ్చిందా లేదా అన్నది కూడా ఈ బంతే చెబుతుంది. నిటారుగా కొడితే తిన్నగా తిరిగివస్తుంది. అడ్డంగా కొడితే గిరికీలు కొడుతుంది.

పట్టణాలలోని ఆటస్థలాలలో ఇనుప చట్రానికి స్ప్రింగులతో బిగించిన వలలు నేడు చూస్తున్నాము. బంతి తగలగానే వల లోపలికి సాగి, మళ్లీ బిగిసి, దానిని వెనక్కు చిమ్ముతుంది. చప్పుడు తక్కువ, చట్రాన్ని వాల్చి బంతి వచ్చే ఎత్తును మార్చుకోవచ్చును. టేబుల్ టెన్నిసులో బల్ల సగభాగాన్ని నిలువుగా మడిచి దానినే గోడ చేసుకొంటారు. ఇక బంతులను తానే విసిరే యంత్రాల మాట. 1925లోను 1928లోను వింబుల్డన్ విజేత అయిన ఫ్రెంచి ఆటగాడు రెనే లకోస్త్ ఆ దశకంలోనే, చేతితో తిప్పితే టెన్నిసు బంతులు విసిరే యంత్రం ఒకటి తయారుచేయించుకొన్నాడు. నేటి విద్యుద్యంత్రాలు అంతకంటె ఎన్నో రెట్లు చురుకైనవి. కాని ఈ యంత్రానికీ గోడకూ ఒక భేదం ఉన్నది. మీరు బాగా కొట్టినా, చెడగొట్టినా యంత్రం తన బంతి తాను విసురుతూనే ఉంటుంది. గోడ అలా కాదు. మీరిచ్చినదే మీకు తిరిగి ఇస్తుంది. వంకరగా పంపితే వంకరగా వస్తుంది. మీ తప్పు మీరే పరుగెత్తి తెచ్చుకోవలసి వస్తుంది.

అంతమాత్రాన గోడతోనే ఆట పూర్తి అవుతుందని మేము చెప్పము. గోడకు కపటం తెలియదు. ఎదుటివాడు ఒక వైపు చూసి మరొక వైపు కొట్టటం, అలసిపోయినట్లు నటించి విజృంభించటం గోడ నేర్పలేదు. ఓడినప్పుడు చేయి కలపటమూ నేర్పలేదు. ద్రోణుని మట్టిబొమ్మ ముందు విలువిద్య నేర్చిన ఏకలవ్యుని కథ మనకు కొత్తది కాదు. బొమ్మ తప్పు చెప్పదు కాబట్టి ఆ తప్పును ఆయనే పట్టుకోవలసి వచ్చింది. గోడ ముందు నిలిచిన పిల్లదీ అదే స్థితి. తప్పు పద్ధతిలో వేయిసార్లు కొడితే తప్పే స్థిరపడుతుంది. అందువలన వారానికి ఒకసారి అయినా ఆట తెలిసిన వ్యాయామోపాధ్యాయుడు చూసి సవరించటం అవసరం. మిగిలిన రోజులలో గోడపై సుద్దతో ఒక సున్న గీసి, యాభై బంతులలో ఎన్ని దానిలో పడినవో లెక్క వ్రాసుకొంటే, ఆ లెక్కే సగం గురువు.

ఇప్పుడు మా మనవి వినండి. మన పల్లెలలో గోడలకు ఎన్నో ఉపయోగాలున్నవి. సిమెంటు కంపెనీల ప్రకటనలు వ్రాస్తారు, పిడకలు కొడతారు, ఎన్నికలు వస్తే పేర్లు వ్రాస్తారు. పిల్ల బంతి కొడితే మాత్రం లోపలినుండి కేక వినబడుతుంది. పగటినిద్ర చెడుతుందనీ, కిటికీ పగులుతుందనీ పెద్దలు అనటంలో న్యాయం లేకపోలేదు. అందుచేతనే ప్రతి బడి ఆవరణలో కిటికీలూ ఇళ్లూ లేని మూలన ఒక బంతిగోడ ఉండవలెనని కోరుతున్నాము. 3 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల పొడవు చాలును. నల్లరేగడి భూములలో నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది కాబట్టి పునాది లోతుగా వేయించవలె. నేలనుండి 91 సెంటీమీటర్ల వద్ద ఒక గీత గీస్తే అది టెన్నిసు వల మధ్య ఎత్తు. 2 మీటర్ల 24 సెంటీమీటర్ల వద్ద మరొక గీత గీస్తే అది మహిళల వాలీబాల్ వల ఎత్తు. గోడను ఉత్తర దక్షిణాలుగా కట్టిస్తే ఉదయం పడమటి వైపున, సాయంత్రం తూర్పు వైపున నీడ పడుతుంది. ఎండలు మండే మన సీమలో ఒకే గోడ ఆటకు తోడూ అవుతుంది, పందిరీ అవుతుంది.

రేడియో ముందు కూర్చున్న తల్లిదండ్రులారా! మీ ఇంటి ఆడపిల్ల ఊరి జట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సంవత్సరాలు గడిచిపోతాయి. గోడ ఆమెను మగపిల్లవా, ఆడపిల్లవా అని అడగదు, ఏ వీధి పిల్లవని అడగదు, రేపు రమ్మని చెప్పదు. బడిలో బంతిగోడ లేచేవరకు మీ గట్టి గోడలలో ఒకదానిని సాయంత్రం ఒక గంట ఆమెకు వదలిపెట్టండి. ఆ చప్పుడును కొంచెం ఓర్చుకోండి. చేయి కుదిరిన పిల్లను జట్టువారే వచ్చి పిలిచే రోజు వస్తుంది. ఆ పిలుపు వచ్చేనాటికి ఆమె సిద్ధంగా ఉండటమే ముఖ్యం.