తెరచి ఉంచిన నోటుపుస్తకం



ఉపాధ్యాయుడు దగ్గరకు రాగానే సగం రాసిన పుటను చేతితో కప్పుకొనే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. తప్పు బయటపడుతుందని అతని భయం. ఆ భయం పెద్దవారినీ విడువదు. పూర్తికాని ఆలోచనను నలుగురికీ చూపడానికి పండితులు సైతం సంకోచిస్తారు. అందువలన ఎంతో విద్య సొంత కాగితాలలోనే ఉండి, ఆ మనిషితో పాటే అంతరిస్తున్నది.

నాగపూరులో విద్యాభ్యాసం చేసి, తెలుగు, మరాఠీ భాషలు రెండింటిలోనూ రచనలు చేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని సంకల్పించారు. పలువురు విద్వాంసుల సహాయంతో మూడు సంపుటాలు వెలువరించారు. అవి అకారాది పదాల దగ్గరనే ఆగిపోయాయి. 1923లో ఆయన కన్నుమూశారు. అనంతరం కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మరల చేపట్టారు. ఒక జీవితానికి మించిన పని అనేక చేతులను కోరుతుంది.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో అసంపూర్ణ వ్యాసాన్ని దాచరు. తెలిసినవారు దానిని సరిదిద్దుతారు. ప్రతి మార్పూ తేదీతో నిలిచి ఉంటుంది. వ్యక్తి తన సొంత నోట్సును కూడా ఇట్లే తెరచి ఉంచవచ్చును. జర్మనీ సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 చీటీలు రాసి, ఒకదాని నుండి మరొకదానికి సంఖ్యలతో దారి చూపారు. చీటీకి ఒక్క ఆలోచన, ఆలోచనకూ ఆలోచనకూ నడుమ ఒక లంకె: నేడు ఈ పని కంప్యూటరులో సులభం.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, 1960 నుండి మహారాష్ట్రలో ఉన్న కుండల్‌వాడికి రెండు భాషల సంపద ఉన్నది. ఇక్కడి విద్యార్థి ఒకరు "శ్రావణ అమావాస్యనాడు పోళా, ఎద్దుల పండుగ" అని రాసి అందరికీ కనబడేటట్లు ఉంచారనుకొందాము. ఆంధ్ర ప్రాంతంలో స్థిరపడిన పూర్వ విద్యార్థి అది చదివి, అక్కడ అదే రోజున పొలాల అమావాస్య అని, తల్లులు బిడ్డల క్షేమానికై కందమొక్కను పూజిస్తారని చేర్చవచ్చును. ఒక అవ్వ ఇంటి ఆచారం చెప్పవచ్చును. రెండు వాక్యాల నోట్సు క్రమంగా పరిశోధన అవుతుంది.

అయితే కొన్ని నియమాలు తప్పవు. విన్నదేదో, చదివినదేదో, ఊహ ఏదో వేరువేరుగా చెప్పవలెను. తేదీ వేయవలెను. ఇతరుల రచనను తనదిగా చూపరాదు. ఇంటి గుట్టును, పరుల సొంత సంగతులను బయట పెట్టరాదు. అభిప్రాయం మారినప్పుడు పాతదానిని చెరిపివేయక, ఎందుకు మారినదో రాయవలెను.

ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ పలికే ఈ బిడ్డలకు తెలిసినది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వారు రాయకపోతే మరెవరూ రాయరు. తల్లిదండ్రులు తప్పును చూసి నవ్వక, ఉపాధ్యాయులు ఎర్రసిరాతో పాటు ఒక ప్రశ్నను కూడా రాసి ఇచ్చిననాడు, పుటను కప్పిన ఆ చిన్నచేయి తనంతట తానే తొలగుతుంది. వజ్రోత్సవం జరుపుకొంటున్న పాఠశాల తన బిడ్డలకు ఇవ్వదగిన కానుక ఆ ధైర్యమే.