వాజశ్రవసుని ఆవులు – మన యింటి పాత సామాను





కార్తికమాసమున దానమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు నన్ను కోరిరి. దీపదానము, ఉసిరికాయ దానము, గోదానము – వీని మహిమను మీరు ప్రతి సంవత్సరము వినుచునే యున్నారు. నేను వేరొక దానమును గూర్చి చెప్పదలచితిని. అది పాత సామాను దానము. నవ్వకుడు.

ఈ ఆలయ ప్రాంగణమున, వంటశాల ప్రక్కన ఒక గది యున్నది. భక్తులు తమ యింట వాడక మిగిలిన పాత్రలు, బట్టలు, పుస్తకములు, కుర్చీలు తెచ్చి అందుంచవలెననియు, అవసరమున్నవారు స్వల్పమైన వెల యిచ్చి కొనిపోవలెననియు ధర్మకర్తలు సంకల్పించిరి. మంచి సంకల్పమే. సభకు వచ్చుటకు ముందు ఆ గది తెరిచి నాకు చూపిరి. నేను చూచినదేమి? అడుగు ఊడిన కుక్కరు, పిడి లేని బాణలి, జత లేని చెప్పు, బొత్తాములు కోసికొనిన తరువాత మిగిలిన చొక్కాలు, ఎలుకలు కొట్టిన పరుపు. ఆ పరుపును తెచ్చిన మహానుభావు డెవరో గాని ఆటో కిరాయి కూడ పెట్టుకొని తెచ్చియుండును! పారవేయుటకు చోటు దొరకక దేవుని యొద్దకు తెచ్చినట్లు నాకు తోచినది.

అప్పుడు నాకు వాజశ్రవసుడు జ్ఞప్తికి వచ్చెను.

కఠోపనిషత్తు ఈయన కథతోనే ఆరంభమగుచున్నది. తైత్తిరీయ బ్రాహ్మణమునను ఈ కథ కలదు. మన కోనసీమలో అధ్యయనము చేయువారిలో తైత్తిరీయ శాఖవారే అధికులు గనుక, మా వంటివారికి ఇది చిన్ననాడే చెవినిబడిన కథ. ఆయన సర్వస్వమును దానమొసగు యజ్ఞము చేసెను. దక్షిణగా ఆవులను తోలించెను. అవి యెట్టి ఆవులు? ఇక నీరు త్రాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలు పిదుకుట యెన్నడో ముగిసినవి, ఈనుటకు శక్తి లేనివి. పసివాడైన నచికేతుడు ఆ మందను చూచి, ఇట్టి దానము చేయువాడు ఆనందము లేని లోకములకు పోవును గదా యని తల్లడిల్లెను. తరువాతి కథ మీ రెరిగినదే.

ఇచ్చట ఒక సూక్ష్మ మున్నది. ఆ ఆవుల దోషము వాడబడినవగుట కాదు. గోదానమునకు శాస్త్రము మెచ్చిన ఆవు ఏది? దూడతో కూడి పాలిచ్చు ఆవు. అనగా ఒకరి యింట ఈని, ఒకరి యింట పాలిచ్చిన ఆవే. కొత్తదగుట అక్కడ గొప్ప కాదు. పుచ్చుకొనినవాని యింట పాలు పిదుకుటకు వీలగుట గొప్ప. కావున మన యింటి పాత సామానునకు పరీక్ష యొక్కటే: ఇది పాలిచ్చునా? కుక్కరు కూత వేయునా, కుర్చీ మనిషిని మోయునా, చొక్కాకు బొత్తాములున్నవా?

మీలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. ఇతరులు కట్టి విడిచినది కట్టవచ్చునా? మను స్మృతి నాల్గవ అధ్యాయమున, ఇతరులు ధరించిన వస్త్రములు, పాదరక్షలు, యజ్ఞోపవీతము, ఆభరణము, పూలమాల, కమండలువు వాడరాదని యున్నది. నిజమే, ఉన్నది. మా ఇంటిలో ఈ మాటను నేనే ముప్పది యేండ్లు చెప్పితిని. మా కోడలు ఒక పాత టేకు బీరువా కొనితెచ్చిన దినమున గడప దాటనీయక వీథి అరుగుపైననే నిలిపించితిని. ఆమె ఏమియు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టక గ్రంథములు తీసితిని.

మొదటి సంగతి, ఆ వాక్యము స్నాతక వ్రతములలోనిది. విద్య ముగించి గృహస్థుడు కాబోవువానికి చెప్పిన నియమములలోనిది. రెండవ సంగతి, మన గౌతమీ నదికి పేరైన మహర్షి పేరుననే వెలసిన గౌతమ ధర్మసూత్రములలో, అదే నిషేధము చెప్పిన వెంటనే సూత్రకారుడు ఒక సడలింపు ఇచ్చియున్నాడు: కొత్తది సంపాదించు శక్తి లేనివాడు ఉతికిన దానిని కట్టవచ్చును. మూడవది అన్నిటికంటె ముఖ్యము. మనువే అయిదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని విస్తారముగా చెప్పెను. రాగి, ఇత్తడి, ఇనుము మొదలగువానికి క్షారము, పులుసు, నీరు, కొయ్యకు చెక్కుట, బట్టకు ఉతుకుట, పట్టునకు, ఉన్నికి చవిటిమన్ను, కంబళ్లకు కుంకుడుకాయ, మట్టికుండకు మరల కాల్చుట. తల్లులారా, ఇందులో మీకు తెలియనిది ఏదైన నున్నదా? చింతపండుతోను బూడిదతోను ఇత్తడి బిందె తోమునప్పుడు మీరు చేయునది ఇదియే. వస్తువును శుద్ధి చేసి తిరిగి వాడుకొమ్మనుటకే గదా శాస్త్రకారు డింత శ్రమపడినది! పారవేయుటకైనచో ఒక్క వాక్యముతో ముగించియుండును.

తెల్లవారిన తరువాత బీరువాను లోపలికి తెప్పించితిని. దాని తలుపు లోపల ఎవరో పూర్వపు యజమాని పాలలెక్క సుద్దతో వ్రాసికొనియుండెను. కోడలు దానిని చెరుపలేదు, నేనును చెరుపుమనలేదు.

మన యిండ్లలో పాతదానిని ఎన్నడు నిరాకరించితిమి? పుట్టిన శిశువునకు మొదట చుట్టునది మెత్తబడిన పాత బట్టయే. అమ్మమ్మల చీరలు పేర్చి కుట్టిన బొంతలపై మనమందరము నిద్రించితిమి. కళాయి పూయువాడు, మాటు వేయువాడు వీథిలో కేక వేసిన, చిల్లుబిందెలు బయటికి వచ్చెడివి. పాత ఇత్తడిని కరిగించి కొత్త పాత్రలు చేయు అజ్జరము మన గోదావరి సీమలోనిదే. పదునొకండవ నాటి శయ్యాదానమును గూర్చి చెప్పవలెనా? దానముగా వచ్చిన మంచమును పుచ్చుకొనినవారు దుకాణమునకు తిరిగి యిచ్చుటయు, మరియొకరు దానినే కొని దాన మిచ్చుటయు లోకమెరిగిన రహస్యము. నాకు బాగుగా పరిచయమైన ఒక మంచ మున్నది! అక్కడ లేని మైల, బ్రతికినవారు వాడిన కుర్చీకి ఎక్కడినుండి వచ్చెను?

ఇక ఇచ్చు విధమును గూర్చి. ఇది నా అనుభవము.

నేను వారములు చేసికొని చదివినవాడను. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము. పదునాలుగేండ్ల వయస్సున నాకు రెండు పంచెలుండెడివి, ఒకటి చిరిగినది. ఒక యింటి గృహిణి అరుగుపై నలుగురు కూర్చుండగా, "ఒరే అబ్బాయ్, ఇది మావారు కట్టి వదిలేసింది, పట్టుకుపో" అని పంచెను నా మీదికి విసరెను. ఆమె చెడ్డది కాదు, కడుపునిండ అన్నము పెట్టిన తల్లియే. ఆ పంచెను నేను కట్టలేకపోతిని. మరియొక యింటి తల్లి, ఉతికి మడచిన రెండు పంచెలను ఇత్తడి పళ్లెములో తమలపాకులతో నుంచి, ఎవరును లేని సమయమున, "బాబూ, మా పెద్దాడు కాకినాడ చదువుకెళ్ళాడు. ఇవి పెట్టెలో ముక్కిపోతున్నాయి. నువ్వు కట్టుకుంటే నాకు సంతోషం" అనెను. అనునప్పుడు ఆమె తల వంచుకొనెను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, దానమును లజ్జతో ఇయ్యవలెనను ఉపదేశము కలదు. లజ్జ పుచ్చుకొనువానికి గాక ఇచ్చువానికేల యని గురువుగారి నడుగవలెనని నేననుకొనుచుంటిని. ఆ దినమున అడుగ నవసరము లేకపోయెను.

ఒక చేదు మాటను కూడ దాచక చెప్పవలెను. ఉతికినది కట్టవచ్చునని చెప్పిన గౌతమ సూత్రములలోనే, శూద్రులైన సేవకులకు జీర్ణమైన చెప్పులు, గొడుగులు, వస్త్రములు చెందునను మాటయు నున్నది. తరతరములుగా కొందరు మన పెరటి గుమ్మము దగ్గర నిలబడి మనము విడిచినవి పుచ్చుకొనిరి. నేడు వారి బిడ్డలు పాత బట్ట యనగానే ముఖము త్రిప్పుకొనిన, అది గర్వము కాదు, జ్ఞాపకము. ఆ మాట నేటికి చెల్లదని నేను ఈ పీఠముపై కూర్చుండి చెప్పుచున్నాను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన సంగతి ఇక్కడ పెద్దలందరకు గుర్తే. నాలుగైదు దినముల తరువాత మేమున్న గ్రామమునకు దూరమునుండి ఒక లారీ బట్టలు వచ్చెను. పంపినవారి మనస్సు మంచిదే. కాని ఇల్లు కూలి, కట్టుబట్టలతో మిగిలిన స్త్రీలు ఆ కుప్పను ఒకమారు తిరుగవేసి, జత లేని రవికలు, మాసిన పరికిణీలు చూచి వెనుకకు పోయిరి. వారము దినములు ఆ బట్టలు వానలో రోడ్డు ప్రక్కన నానుచుండెను. ఆకలిగొన్నవానికి కూడ అభిమాన ముండునని లారీ నింపినవారికి తోచలేదు.

కావుననే ఈ గదిలో వెల పెట్టుట నాకు మిక్కిలి నచ్చినది. ప్రతిగ్రహము తేజస్సును హరించునని పెద్దలు చెప్పుదురు. ఊరక పుచ్చుకొనినవానిపై ఒక భారము నిలుచును. పది రూపాయలిచ్చి చొక్కా కొనినవాడు ఎవరికిని తల వంచనక్కరలేదు. వాడు బేరమాడవచ్చును, బాగులేదని విడిచిపోవచ్చును. అయితే పేదలు మాత్రమే కొనిన అదియును ఒక ముద్రయే యగును. కలిగినవారు కూడ ఆ గదిలోనికి వెళ్లి కొనవలెను. మనుమనికి సైకిలు, మనుమరాలికి పాఠ్యపుస్తకములు, వంటకు గంగాళము – కొత్తవే యేల? నేను అధ్యయనమున కుపయోగించిన పుస్తకము అంతకుముందు ఇద్దరు వాడినది. వారి పెన్సిలు గుర్తులే నాకు రెండవ గురువులు.

ఇందులో పుణ్యము మాత్రమే కాదు, మన నేలకు నీటికి సంబంధించిన విషయము కూడ నున్నది. ఒక్క నూలు చొక్కాకు, ప్రత్తి పంట మొదలు కొని, సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చగునని లెక్క కట్టిరి. వేసవిలో మన డెల్టా కాలువలు కట్టివేసినప్పుడు అడుగున బయటపడునవేవో చూడుడు: ప్లాస్టిక్ కుర్చీలు, పరుపులు, గాజు పగిలిన దేవుని పటములు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట ముగించినది ఇందులకా? పుష్కరములలో స్నానము చేసి తడిబట్టలను నదిలో విడుచువారిని చూచి, ఇదెక్కడి ఆచారమని నేను అడిగితిని. శరీరమును విడుచు జీవుని జీర్ణవస్త్రములను విడుచు మనుష్యునితో పోల్చిన గీతాశ్లోకమును ఒకరు నాకే అప్పగించిరి! ఆ శ్లోకము ఆత్మను గూర్చినది నాయనా, గోదావరిలో పంచె విడువుమని కాదు. 2027లో పుష్కరములు మరల రానున్నవి. భోగినాడు టైర్లను, ప్లాస్టిక్ సామానును మంటలో వేయుటయు ఇట్టిదే. పుల్లలు, పిడకలు అగ్నిహోత్రునికి చాలును. బాగుచేసిన నిలబడగల పాత పీటను వడ్రంగికి చూపుడు.

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమంతట పురపాలక సంఘములచే పాత బట్టలు, పుస్తకములు, బొమ్మలు స్వీకరించు కేంద్రములు తెరిపించినది. ప్రభుత్వము పిలిచినప్పుడు ఇచ్చుట మేలే. కాని దేవాలయములో అయిన ఇచ్చువాడును కొనువాడును ఒకే గర్భాలయము ముందు నిలబడుదురు.

వచ్చు సోమవారము ఉదయమునుండి గది తెరిచియుండును. గుమ్మము దగ్గర చింతపండు, బూడిద, కుంకుడుకాయలు ఉంచుమని చెప్పితిని. తోమి, ఉతికి తెచ్చినవే లోపల పెట్టుదురు. మా కోడలు అక్కడ కూర్చుండి చూచుకొనును. గతించిన నా సహధర్మచారిణి పుట్టింటి పేరు చెక్కిన ఇత్తడి బిందె యొకటి, నాలుగేండ్లుగా అటకపై నున్నది. దానిని మొదటి వస్తువుగా నేను తెచ్చుచున్నాను. వెల నలువది రూపాయలు. ఆ పరుపు తెచ్చినవారు మాత్రము దయయుంచి ఈ లోపల వచ్చి దానిని తిరిగి తీసికొనిపోవలెను.