స్థలము మారినను సంఘము నిలిచెను



శతవార్షికోత్సవమున మన కన్నులు సహజముగా కట్టడములమీద నిలుచును. కనుక అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణపు సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ సంఘ చరిత్రను కొంచెము చెప్పెదను.

దాని స్థాపకుడు అబ్షాలోము జోన్స్ 1746లో బానిసగా పుట్టెను. కష్టార్జితముతో మొదట భార్యను విడిపించెను. 1784లో తానును స్వతంత్రుడాయెను. ఆ పట్టణమందలి సెయింట్ జార్జి మెథడిస్టు మందిరములో మోకరించి ప్రార్థించుచుండగా, నల్లవారి చోటు అది కాదని ఆయనను లేపిరి. ఆయనయు తోటివారును బయటికి నడచిరి. 1793లో ఎల్లో ఫీవరు అను విషజ్వరము పట్టణమును పీడించినప్పుడు, ఆ నల్లవారే తెల్లవారికిని పరిచర్య చేసి, మృతులను పాతిపెట్టిరి.

1794 జూలై 17న ఐదవ వీధిలో వారి దేవాలయము తెరువబడెను. ఎపిస్కోపల్ సంఘములో తొలి నల్లజాతి గురువు జోన్స్‌గారే. అయినను డయోసిస్ మహాసభలో ఈ సంఘ ప్రతినిధులకు 1860ల వరకు చోటు దొరకలేదు.

1890లో దేవాలయము పన్నెండవ వీధికి, పిమ్మట పశ్చిమ ఫిలడెల్ఫియాకు, తరువాత ఓవర్‌బ్రూక్ పేటకు మారెను. 1818లో మరణించిన స్థాపకుని అస్థికలు సహా నేడు అక్కడి ప్రార్థనాలయములోనే ఉన్నవి.

కట్టడములు విడిచినను ఆ సంఘము చెదరలేదు. మన మందిరములో వెనుక వరుసనే కూర్చుండువారు ఎవరు? వారిని ముందుకు పిలిచితిమా? ఈ పండుగనాడు విచారించుకొందము.